కెర్నల్ చిరునామా ఎవరి కంట పడాలి

లినక్స్ కంప్యూటర్‌లో ఏ ప్రత్యేక అధికారమూ లేని వినియోగదారు /ప్రోక్/కాల్‌సిమ్స్ అనే ఫైలును తెరిస్తే ఒక పొడవైన పట్టిక కనిపిస్తుంది. ప్రతి వరుసలో మొదట ఒక మెమరీ చిరునామా, తర్వాత దాని రకాన్ని తెలిపే ఒక అక్షరం, ఆపైన ఆ చిరునామాలో ఉన్న కెర్నల్ (ఆపరేటింగ్ సిస్టమ్ కేంద్ర భాగం) ఫంక్షన్ పేరో వేరియబుల్ పేరో ఉంటాయి. పేర్లను ఇబ్బంది లేకుండా చదవవచ్చు. చిరునామా ఉండవలసిన చోట మాత్రం మొదటి వరుస నుంచి చివరి వరుస దాకా పదహారేసి సున్నాలే ఉంటాయి. అదే ఫైలును సర్వాధికారాలూ ఉన్న రూట్ వినియోగదారు తెరిస్తే ఆ సున్నాల స్థానంలో చాలా వరకు ఎనిమిది ఎఫ్‌లతో మొదలయ్యే అసలు విలువలు వస్తాయి. ఫైలు ఒక్కటే, అడిగినవారిని బట్టి రాత మారుతుంది. ఈ మార్పు ఎక్కడ, ఏ క్షణంలో, ఎవరిని చూసి జరగాలన్న ప్రశ్నకు కెర్నల్ 2011లో ఒక జవాబు ఇచ్చింది. ఆ జవాబులో ఉద్దేశం సరైనదే, కానీ తనిఖీని పెట్టిన చోటు తప్పు. దాన్ని సరిదిద్దుకుంటూ రావడానికి పదేళ్లకు పైగా పట్టింది.

చిరునామా బయటపడితే నష్టమేమిటో ముందు చూడాలి. కెర్నల్ కోడ్‌లోని ఏదో ఒక లోపం వల్ల దాడి చేసేవారు ప్రాసెసర్‌ను తాము కోరిన చోటికి దూకించగలిగారనుకుందాం. ఎక్కడికి దూకించాలో తెలియకపోతే ఆ పట్టు వారికి కొరగాదు. తప్పు చోటికి దూకితే కెర్నల్ కుప్పకూలుతుంది, యంత్రం ఆగిపోతుంది, ఏదో జరిగిందని అందరికీ తెలిసిపోతుంది. 2010 ప్రాంతంలో బయటికొచ్చిన, లోపాలను వాడుకుని దాడి చేసే ఎక్స్‌ప్లాయిట్ ప్రోగ్రాములను చదివితే ఒక వరస పదే పదే కనిపిస్తుంది. ప్రోగ్రాం మొదలవగానే /ప్రోక్/కాల్‌సిమ్స్‌ను తెరుస్తుంది, ప్రిపేర్_కెర్నల్_క్రెడ్, కమిట్_క్రెడ్స్ అనే రెండు పేర్లను వెతుకుతుంది, వాటి ఎదుట ఉన్న చిరునామాలను దాచుకుంటుంది. మొదటి ఫంక్షన్‌తో రూట్ అధికారపత్రం తయారవుతుంది, రెండవదానితో అది నడుస్తున్న ప్రాసెస్‌కు దక్కుతుంది. లోపాన్ని వాడుకుని ఆ రెండింటినీ వరసగా పిలిపిస్తే అప్పటిదాకా సాధారణ వినియోగదారుగా ఉన్నవారు రూట్ అయిపోతారు. దొంగ ఇల్లు వెతుక్కోనక్కరలేకుండా వీధి పేరు, ఇంటి నంబరు ఇంటివారే చెప్పినట్లయింది.

ఇక్కడ ఒక న్యాయమైన అభ్యంతరం ఉంది. ఉబుంటు వంటి డిస్ట్రిబ్యూషన్ కెర్నల్ ప్యాకేజీ ఎవరికైనా దొరుకుతుంది. దాన్ని దించుకుని విప్పితే ఏ ఫంక్షన్ ఏ చిరునామాలో ఉంటుందో తెలిసిపోయే రోజులవి, ఎందుకంటే ఆ ప్యాకేజీ వాడే ప్రతి యంత్రంలోనూ కెర్నల్ ఒకే చోట కూర్చునేది. కాబట్టి ఫైలులో చిరునామాను దాచడం ఒక్కటే దాడిని ఆపదు, శ్రమను కొంచెం పెంచుతుంది, అంతే. దాచిపెట్టడానికి అసలు విలువ వచ్చినది కేఏఎస్‌ఎల్‌ఆర్ వచ్చాకనే. ప్రతి బూట్‌లోనూ కెర్నల్‌ను యాదృచ్ఛికంగా ఎంచుకున్న చోట ఉంచే ఈ పద్ధతి 2014లో 3.14 వెర్షన్‌తో ఎక్స్86 కెర్నల్‌లోకి వచ్చి, 2017లో 4.12 నుంచి సహజంగానే అమలులో ఉండేలా మారింది. అయితే ఇది మొత్తం కెర్నల్ కోడ్‌ను ఒకే దిమ్మగా జరుపుతుంది, లోపలి దూరాలు మారవు. ఒక్క ఫంక్షన్ అసలు చిరునామా తెలిస్తే చాలు, ప్యాకేజీలోని పట్టికతో కూడికలు, తీసివేతలు చేసి మిగిలినవన్నీ రాబట్టవచ్చు. పైగా 64 బిట్ల ఎక్స్86 యంత్రాలపై కెర్నల్ కోడ్‌కు కేటాయించిన 1 జీబీ పరిధిలో 2 ఎంబీ అంచుల మీదనే దాన్ని ఉంచాలి కాబట్టి, ఎంపికలు 512కు మించవు. ఇంత పలుచని రక్షణ నిలవాలంటే ఒక్క చిరునామా కూడా బయటికి జారకూడదు.

జారే దారులు మాత్రం వేలల్లో ఉన్నాయి, వాటిలో అత్యధికం ఒక చిన్న గుర్తు చలవే. సీ భాషలో పాయింటర్ (మెమరీ చిరునామాను పట్టి ఉంచే వేరియబుల్) విలువను అచ్చు వేయడానికి ఫార్మాట్ వాక్యంలో %పీ అని రాస్తారు. డ్రైవర్ రాసేవారు పరికరం సిద్ధమైందని చెప్పే సందేశంలో దాని స్ట్రక్చర్ చిరునామాను కూడా జత చేస్తారు. డీబగ్గింగ్ రోజుల్లో అది అవసరమే, ఆ రోజులు గడిచాక ఆ వరుసను తీసేయడం ఎవరికీ గుర్తుండదు. /ప్రోక్/నెట్/టీసీపీ వంటి ఫైళ్లలో ప్రతి సాకెట్ (నెట్‌వర్క్ అనుసంధానపు కొస) పక్కన దాని కెర్నల్ చిరునామా ఉండేది. ఇవి కోడ్ చిరునామాలు కావు, కెర్నల్ తన అవసరానికి అప్పటికప్పుడు కేటాయించుకున్న డేటా చిరునామాలు. దాడి చేసేవారికి అవి కూడా అంతే విలువైనవి, ఎందుకంటే తాము తెరిచిన సాకెట్ కెర్నల్ మెమరీలో కచ్చితంగా ఎక్కడ ఉందో తెలిస్తే, రాసే అవకాశమిచ్చే లోపాన్ని గురి తప్పకుండా దానిపైకే తిప్పవచ్చు.

దీనికి మొదటి మందుగా %పీకే అనే కొత్త ఫార్మాట్ గుర్తు, కేపీటీఆర్_రెస్ట్రిక్ట్ అనే మీట 2011 మార్చిలో వెలువడిన 2.6.38 వెర్షన్‌తో వచ్చాయి. వీటిని తెచ్చినవారు డాన్ రోజెన్‌బర్గ్. మీట విలువ 0 అయితే ఏ కట్టడీ ఉండదు. విలువ 1 అయితే %పీకేతో అచ్చయ్యే పాయింటర్, క్యాప్_సిస్‌లాగ్ అనే అధికారం ఉన్నవారికి ఉన్నదున్నట్లు, మిగిలినవారికి సున్నాలుగా కనిపిస్తుంది. విలువ 2 అయితే రూట్‌తో సహా అందరికీ సున్నాలే. మొదట ఈ మీటను 1 దగ్గర పెట్టారు. కానీ కెర్నల్ లోపల కాలం ఎక్కడ ఖర్చవుతోందో కొలిచే పెర్ఫ్ వంటి పనిముట్లకు /ప్రోక్/కాల్‌సిమ్స్‌లోని చిరునామాలే ఆధారం. సున్నాలు ఎదురయ్యేసరికి అవి తడబడ్డాయి. అదే ఏడాది మే నెలలో మీటను 0కు మార్చారు. రక్షణ పుట్టిన కొద్ది నెలలకే, కోరి ఆన్ చేసుకుంటే తప్ప పనిచేయనిదిగా మిగిలింది.

ఆ 0 కంటే పెద్ద చిక్కు మరొకటి ఉంది, అది ఈ గుర్తు రూపకల్పనలోనే ఉంది. %పీకే అనేది అక్షరాలను పేర్చే ఫంక్షన్‌లో, పేర్చే క్షణంలో, ఆ సమయానికి ప్రాసెసర్‌పై నడుస్తున్న ప్రాసెస్ అధికారాలను చూసి నిర్ణయం తీసుకుంటుంది. పేర్చిన అక్షరాలను చివరికి చదివేది ఆ ప్రాసెసేనని అది నమ్ముతుంది. ఆ నమ్మకానికి ఆధారం లేదు. పేర్చినవారు వేరు, చదివేవారు వేరు కావచ్చు. ఫైలు తెరిచిన క్షణం వేరు, చదివిన క్షణం వేరు కావచ్చు. అసలు ఆ క్షణంలో నడుస్తున్న ప్రాసెస్‌కు ఆ రాతతో ఏ సంబంధమూ లేకపోవచ్చు.

మూడింటికీ నిజమైన ఉదాహరణలున్నాయి, వాటిలో రెండవదాన్ని దగ్గరగా చూడడం మేలు. మోడెమ్ అనుసంధానాలను నడిపే పీపీపీడీ అనే ప్రోగ్రాం సెట్‌యూఐడీ తరహాది, అంటే సాధారణ వినియోగదారు నడిపినా రూట్ అధికారంతో పనిచేస్తుంది. తన ఆప్షన్లను ఏ ఫైలు నుంచి చదవాలో చెప్పే వీలు దానిలో ఉంది. వినియోగదారు తమకు హక్కులేని ఫైలును దీని ద్వారా చదివించకుండా, ఫైలు తెరిచేటప్పుడు అది రూట్ అధికారాన్ని పక్కన పెట్టి వినియోగదారు హక్కులతోనే తెరుస్తుంది. ఆ జాగ్రత్త మెచ్చదగ్గది. తెరిచాక మళ్లీ రూట్ అధికారం తీసుకుని చదవడం మొదలుపెడుతుంది. 2013లో 32 బిట్ల ఉబుంటు 12.04 పై ఎవరైనా /ప్రోక్/కాల్‌సిమ్స్ మొదటి వరుసను నేరుగా చూస్తే స్టార్టప్_32 అనే పేరు ఎదుట ఎనిమిది సున్నాలు కనిపించేవి. అదే ఫైలును ఆప్షన్ల ఫైలుగా పీపీపీడీకి అందిస్తే, సీ1000000 అనే ఆప్షన్ ఏమిటో తనకు తెలియదన్న ఫిర్యాదు తెరపై వచ్చేది. తెలియని ఆప్షన్‌గా అది చదివి వినిపించినది కెర్నల్ కోడ్ మొదలయ్యే అసలు చిరునామానే. ఫైలును తెరవవచ్చా లేదా అన్న తనిఖీ తెరిచే క్షణంలో జరిగింది. చిరునామా చూపవచ్చా లేదా అన్న తనిఖీ చదివే క్షణంలో జరిగింది. రెండు క్షణాల మధ్య ప్రాసెస్ అధికారం మారింది. పీపీపీడీ తన వంతు పని సరిగానే చేసింది, కెర్నల్ కూడా తన నియమం ప్రకారమే నడిచింది, అయినా రహస్యం బయటపడింది.

దీనికి 3.13లో వచ్చిన సవరణ, క్యాప్_సిస్‌లాగ్‌తో పాటు ప్రాసెస్ అసలు యూజర్ గుర్తింపు, అమలులో ఉన్న గుర్తింపు ఒకటేనా అని కూడా చూడడం మొదలుపెట్టింది. సెట్‌యూఐడీ ప్రోగ్రాముల్లో ఈ రెండూ వేరుగా ఉంటాయి కాబట్టి అక్కడ సున్నాలే వస్తాయి. పీపీపీడీ కంత పూడింది. తనిఖీ మాత్రం చదివే క్షణంలోనే ఉండిపోయింది.

మిగిలిన రెండు ఉదాహరణలను క్లుప్తంగా చెప్పుకోవచ్చు. ఇంటరప్ట్ (ప్రాసెసర్ చేస్తున్న పనిని మధ్యలో ఆపే సంకేతం) వచ్చినప్పుడు కెర్నల్ చేసే పనికి, ఆ సమయానికి ప్రాసెసర్‌పై ఉన్న ప్రాసెస్‌కు ఏ బంధమూ ఉండదు, ఎవరి పని మధ్యలోనైనా ఇంటరప్ట్ రావచ్చు. అందుకే మీట 1 దగ్గర ఉన్నప్పుడు అలాంటి సందర్భంలో %పీకే ఏ నిర్ణయమూ తీసుకోకుండా పీకే-ఎర్రర్ అని అచ్చు వేస్తుంది. ఇది నిజాయతీ గల ప్రవర్తన, అయితే ఎవరి తరఫున ఈ రాత జరుగుతోందో ఈ ఫంక్షన్‌కు తెలియదన్న ఒప్పుకోలు కూడా అందులోనే ఉంది. కెర్నల్ లాగ్‌లో పరిస్థితి ఇంకా చెడ్డది. రూట్ ఒక డ్రైవర్‌ను లోడ్ చేస్తే, ఆ డ్రైవర్ లాగ్‌లోకి రాసే ప్రింట్‌కే ఫంక్షన్ ద్వారా %పీకేతో ఏదైనా రాస్తే, మీట 1 దగ్గర ఉన్నా ఆ క్షణంలో నడుస్తున్నది రూట్ కాబట్టి అసలు చిరునామానే లాగ్‌లో పడుతుంది. తర్వాత ఆ లాగ్‌ను ఎవరెవరు చదువుతారన్నది డీమెసేజ్_రెస్ట్రిక్ట్ అనే వేరే మీటను బట్టి ఉంటుంది. అది ఆన్‌లో లేకపోతే అందరూ చదవవచ్చు. దాచడానికి పెట్టిన గుర్తే దాపరికాన్ని తొలగించింది.

2017 నాటికి ఇంకో సంగతి తేటతెల్లమైంది. కెర్నల్‌లో ఏ అదనపు అక్షరమూ లేని %పీ వాడకాలు సుమారు 14,000 ఉన్నాయి. ప్రతి రచయితా గుర్తుపెట్టుకుని %పీకే రాస్తేనే పనిచేసే పద్ధతితో అన్ని చోట్లకు చేరుకోవడం అయ్యే పని కాదు. టోబిన్ హార్డింగ్ తెచ్చి, 2018 జనవరిలో 4.15 వెర్షన్‌తో వెలువడిన మార్పు ఈ లెక్కను తిరగేసింది. మామూలు %పీ ఇక అసలు చిరునామాను చూపదు. బూట్ సమయంలో పుట్టిన ఒక రహస్య తాళంచెవితో, సిప్‌హ్యాష్ అనే పద్ధతిలో ఆ చిరునామాను హ్యాష్ చేసి (అంటే అసలు విలువను రాబట్టలేని మరో అంకెగా మార్చి), 64 బిట్ల యంత్రాల్లో పై 32 బిట్లను సున్నా చేసి, మిగిలినదాన్ని చూపుతుంది. అసలు విలువే కావాలంటే %పీఎక్స్ అని ప్రత్యేకంగా రాయాలి, రాసినవారు ఎందుకో చెప్పుకోవాలి. ఆ 14,000 వరుసల్లో ఒక్కదాన్నీ ముట్టుకోకుండానే అన్నీ ఒక్క దెబ్బతో మూతపడ్డాయి. సాధారణ వినియోగదారుగా కెర్నల్ లాగ్‌ను, /ప్రోక్, /సిస్ ఫైళ్లను గాలించి చిరునామాలాంటి అంకెలను పట్టుకునే ఒక పెర్ల్ స్క్రిప్ట్‌ను కూడా ఆయనే కెర్నల్‌తో పాటు చేర్చారు.

సున్నాల బదులు హ్యాష్‌ను ఎంచుకోవడంలో లోతైన ఆలోచన ఉంది. లాగ్‌లో పాయింటర్‌ను చూసేవారికి చాలాసార్లు అసలు విలువతో పని ఉండదు. పదో వరుసలో కనిపించిన వస్తువు, యాభయ్యో వరుసలో విడుదలైన వస్తువు ఒకటేనా అన్నదే వారికి కావాలి. సున్నాలతో అన్నీ ఒకేలా కనిపిస్తాయి, ఆ ప్రశ్నకు జవాబు దొరకదు. హ్యాష్ అయితే ఒక బూట్ కాలంలో ఒక చిరునామాకు ఎప్పుడూ ఒకే విలువ ఇస్తుంది. 32 బిట్లలో రెండు వేర్వేరు చిరునామాలు ఒకే విలువగా పడే వీలు లేకపోలేదు. సుమారు 77 వేల పాయింటర్లను ఒకచోట చేర్చితే అలాంటి జంట కనీసం ఒకటి ఉండే అవకాశం సగానికి సగం. డీబగ్గింగ్ కోసం ఒక లాగ్‌ను చదివేవారికి ఇది పట్టించుకోనవసరం లేని లోటే. ఎవరు చదువుతున్నారన్న ప్రశ్న కూడా ఇక్కడ అసలు తలెత్తదు. రూట్‌కూ హ్యాషే, ఇంటరప్ట్‌లోనూ హ్యాషే. %పీకే తడబడిన మూడు చోట్లా ఈ మార్పు నిలబడడానికి కారణం ఇదే: తెలియని విషయాన్ని ఊహించే పని అది పెట్టుకోలేదు.

డెవలపర్లకు కష్టాలు రాలేదని కాదు. తాళంచెవి తయారు కావడానికి కావలసినంత యాదృచ్ఛికత బూట్ మొదటి క్షణాల్లో అందుబాటులో ఉండకపోవచ్చు. అప్పుడు %పీ స్థానంలో పీటీఆర్‌వాల్ అన్న పదం మాత్రమే అచ్చవుతుంది, సరిగ్గా బూట్ సమస్యలను వెతికేవారికి అది చికాకు. శూన్య పాయింటర్‌ను కూడా హ్యాష్ చేయడంతో, పాయింటర్ ఖాళీగా ఉందా లేదా అన్న సులువైన సంగతి కూడా లాగ్‌లో కనిపించకుండా పోయింది. శూన్యం, ఎర్రర్ కోడ్లు చిరునామాలు కావు, వాటిని దాచి ఎవరినీ కాపాడలేం కాబట్టి తర్వాత వాటిని ఉన్నదున్నట్లు చూపడం మొదలుపెట్టారు. హ్యాషింగ్‌ను పూర్తిగా ఆపే బూట్ పరామితి 5.12లో వచ్చింది. దాన్ని వాడితే, ఈ యంత్రం కెర్నల్ చిరునామాలను బయటపెడుతోందని, కెర్నల్‌ను డీబగ్ చేయనివారికి ఇది కనిపిస్తే వెంటనే నిర్వాహకులకు చెప్పాలని లాగ్‌లో పెద్ద హెచ్చరిక పడుతుంది.

/ప్రోక్/కాల్‌సిమ్స్ సంగతి వేరు. అక్కడ చిరునామా తప్ప మరో ప్రయోజనం లేదు, హ్యాష్ చూపితే పెర్ఫ్‌కు పనికిరాదు. అదే 4.15లో లినక్స్ సృష్టికర్త లైనస్ టోర్వాల్డ్స్ ఆ ఫైలు నుంచి %పీకేను తీసేసి, ఆ ఫైలుకు తగిన సొంత తనిఖీని రాశారు. అన్ని రకాల కెర్నల్ పాయింటర్లకు ఒకే మీట పెట్టడం ఎందుకు తప్పో, తెరిచే సమయానికీ చదివే సమయానికీ ఉన్న తేడాను %పీకే ఎందుకు పట్టుకోలేదో ఆయన ఆ మార్పుతో పాటే వివరించారు. కొత్త తనిఖీ కేపీటీఆర్_రెస్ట్రిక్ట్‌తో పాటు, సాధారణ వినియోగదారుకు కెర్నల్ ప్రొఫైలింగ్‌ను అనుమతించారా అన్నది కూడా చూస్తుంది. ప్రొఫైలింగ్‌ను అనుమతించినవారు చిరునామాలను ఎలాగూ అనుమతించినట్లే. ఈ తనిఖీ ఫైలు తెరిచే క్షణంలోనే జరుగుతుంది, 2020లో దాన్ని ఫైలు తెరిచినవారి అధికారపత్రం ఆధారంగా జరిగేలా మార్చారు. ఇప్పుడు ఏ పీపీపీడీ ఎప్పుడు ఎంత అధికారం తీసుకున్నా తెరిచిన క్షణంలో ఎవరు తెరిచారన్నదే లెక్క. 2013లో అడగవలసిన ప్రశ్న చివరికి అడగవలసిన చోటికి చేరింది.

మీట విలువల్లో ఇప్పుడొక విచిత్రం మిగిలింది, యంత్రాలను నిర్వహించేవారు దీన్ని తెలుసుకోవడం అవసరం. కేపీటీఆర్_రెస్ట్రిక్ట్ 0 అంటే కట్టడి లేదని పాత అర్థం. 4.15 తర్వాత 0 దగ్గర %పీకే మామూలు %పీలాగే హ్యాష్ చూపుతుంది. 1 దగ్గర అధికారం ఉన్నవారికి అసలు విలువ చూపుతుంది. అంటే రూట్ విషయంలో 0 కంటే 1 ఎక్కువ బయటపెడుతుంది. అంకె పెరిగితే రక్షణ పెరుగుతుందన్న సహజమైన ఊహ ఇక్కడ పనిచేయదు. ఉబుంటు ఈ మీటను 1 దగ్గర ఉంచుతుంది, ఆండ్రాయిడ్ 2 దగ్గర ఉంచుతుంది. చేతిలోని ఫోన్‌లో రూట్ ప్రాసెస్‌ను కూడా పూర్తిగా నమ్మలేమన్నది ఆండ్రాయిడ్ లెక్క, ఆ పరిస్థితికి అది తగిన నిర్ణయమే.

ఫార్మాటింగ్ ఎంత బిగించినా దాని పక్కనుంచే పోయే దారులున్నాయి. పాయింటర్‌ను మామూలు పూర్ణాంకంగా మార్చి %ఎల్ఎక్స్‌తో అచ్చు వేస్తే హ్యాషింగ్ దాన్ని తాకదు, ఆ అంకె ఒకప్పుడు చిరునామా అని అచ్చు వేసే ఫంక్షన్‌కు తెలిసే మార్గం లేదు. కెర్నల్ తప్పులో పడినప్పుడు లాగ్‌లోకి పోసే రిజిస్టర్ విలువలు అలాంటివే. అక్కడ అసలు విలువలు లేకపోతే తప్పును వెతకలేరు, కాబట్టి రక్షణ భారం లాగ్‌ను ఎవరు చదవవచ్చన్న నియమంపై పడుతుంది. శుభ్రం చేయని స్టాక్ మెమరీ ముక్కలు వినియోగదారు వైపు కాపీ కావడం మరో దారి, దానికీ ఫార్మాట్ గుర్తులకూ సంబంధం లేదు. ప్రాసెసర్ స్పందించే కాలంలోని సూక్ష్మ తేడాలను కొలిచి కెర్నల్ ఎక్కడుందో కనుక్కునే పద్ధతులు 2013 నుంచి వరసగా బయటపడ్డాయి. 2022 నాటి ఎంట్రీబ్లీడ్ అలాంటిదే. 512 ఎంపికల్లో ఒకదాన్ని పట్టుకోవడానికి వాటికి పెద్ద సమయం పట్టదు. ఈ కారణంతో చిరునామాలను దాచడం వ్యర్థమని అనేవారున్నారు. ఆ వాదన పూర్తిగా నిలవదు. కాలాన్ని కొలిచే దాడి కెర్నల్ కోడ్ ఎక్కడ మొదలవుతుందో చెబుతుంది, ఒక సాకెట్ స్ట్రక్చర్ ఏ చిరునామాలో ఉందో అంత తేలికగా చెప్పదు. దాన్ని ఒక లాగ్ వరుస ఉచితంగా చెప్పేస్తే దాడి చేసేవారి పనిలో కష్టమైన భాగం తీరిపోయినట్లే.

%పీఎక్స్ రాయాలనుకునేవారిని కెర్నల్ డాక్యుమెంటేషన్ కొన్ని ప్రశ్నలు అడుగుతుంది. హ్యాష్ పనికిరాదంటే, ఆ పాయింటర్ అసలు ముఖ్యమైనదేనా? దాన్ని ఆ సందేశం నుంచి పూర్తిగా తీసేయవచ్చు కదా? అసలు విలువే కావాలంటే, ఏ అధికారం ఉన్నవారికి, ఏ పరిస్థితిలో చూపడం ఎందుకు సరైనది? ఈ ప్రశ్నలకు నిలబడని వరుసలే ఎక్కువ, పరికరం సిద్ధమైందన్న సందేశానికి చిరునామా లేకపోతే పోయేదేమీ లేదు. %పీకే విషయంలో కూడా ఇదే తీరు మొదలైంది. దాని తనిఖీ కొన్నిసార్లు నిద్రపోయే తాళాలను (దొరికేదాకా పనిని ఆపి ఉంచే లాక్‌లను) తీసుకోవలసి వస్తుంది, నిద్రపోకూడని సందర్భాల్లో ప్రింట్‌కే నుంచి దాన్ని పిలిస్తే కెర్నల్‌కే ప్రమాదం. ప్రింట్‌కే వరుసల్లోని %పీకేలను తీసేసి మామూలు %పీ పెట్టే ప్యాచ్‌లు 2025లో డ్రైవర్ల నుంచి, నెట్‌వర్కింగ్ భాగాల నుంచి ఒకదాని వెంట ఒకటి వచ్చాయి. వినియోగదారు తానుగా తెరిచి చదివే ఫైళ్లలో మాత్రమే ఆ గుర్తుకు ఇంకా చోటుంది, అక్కడ కూడా తెరిచే క్షణపు తనిఖీని రాయగలిగిన చోటల్లా దాని అవసరం తీరిపోతుంది.